పైకి పలకని చరణం

"ఆకరి సరణం ఎవులికీ ఇవ్వనేకపోనానే," అన్నాడు మా ఆయన.

"అది నా కాడున్నాది మావా. నువ్వు తొంగో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆసుపత్రి మంచం మీద, మధ్యాహ్నం పూట. నా మాట విన్నాక కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ఆశ్చర్యం ఉందో, పోనీలే అనే నెమ్మది ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం టీ బండి వార్డులోకి వచ్చేసరికి ఆయన లేడు.

ఇది జరిగి పది నెలలైంది. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. ఇక్కడే ఖరగ్‌పూర్‌లో, ఇందా పేటలో ఉంటుంది, ఆదివారం ఆదివారం వస్తుంది. నాకు సంతకం వచ్చు, స్టేషన్ బోర్డులు కూడబలుక్కుంటాను, అంతకు మించి రాదు. నేను 'సెప్పినాను' అంటే ఈ పిల్ల 'చెప్పాను' అని రాసుకుంటుంది. రాసుకోనీ, చదివేవాళ్లకి అదే సుఖం. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం మాట్లాడినట్టే రాయమన్నాను.

చరణం సంగతి చెప్పాలంటే ముందు బంగారం సంగతి చెప్పాలి.

నాకు ఈ సంబంధం కుదిరినప్పుడు శ్రీకాకుళం వైపు మా ఊళ్లో ఆడవాళ్లు ఒకటే గుసగుసలు. ఆ ఇంటివాళ్లకి రసవాదం వచ్చునని పేరు. రసవాదమంటే ఇనుమునీ రాగినీ బంగారం చేసే విద్య. మా మామగారి తాత ఎవరో సాధువుల వెంట కొండలు తిరిగి నేర్చుకు వచ్చాడట. "ఓలమ్మా, నీకేటే లోటు! సట్టి బోర్లిస్తే బంగారం రాల్తాది," అంది మా పెద్దమ్మ. నేనూ నమ్మాను. రైలు దిగి, ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు గడప దాటి చూద్దును కదా, మా అత్తగారి మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. మూడు రోజులు ఆగి, బియ్యం చెరుగుతున్నప్పుడు అడిగేశాను.

"అత్తా, బంగారం ఏ గదిలో సేస్తారు?"

చేట పక్కన పెట్టి మరీ నవ్విందావిడ. "ఆ గది నానూ పాతికేళ్లుగా ఎతుకుతున్నాను. నీకు దొరికితే ఓపాలి నన్నూ పిలు."

ఆ ఇంట్లో ఉన్నది బంగారం కాదు, ఎర్రగుడ్డలో చుట్టిన ఒక రాత పుస్తకం. తాటాకుల మీద ఉన్నదాన్ని మామగారి నాన్న నకలు రాసుకున్నాడు. అందులో అన్నీ తత్వాలు. పౌర్ణమి పౌర్ణమికి పొద్దు వాలాక మామగారు తంబుర తీసేవారు. నలుగురైదుగురు తాళాలు పట్టుకుని వరండాలో కూర్చునేవారు. అందరూ రైల్వే వర్క్‌షాపు మనుషులే. ఫిట్టరు ఒకరు, ఫౌండ్రీలో అచ్చులు పోసేవాళ్లు ఇద్దరు, బాయిలర్ షాపులో రివెట్లు కొట్టేవాళ్లు. వాళ్లు పాడే పాటల నిండా కొలిమి, తిత్తి, మూస, పటకారు. మూస అంటే లోహం కరిగించే మట్టి పాత్ర. మొదట్లో నేను అవన్నీ డ్యూటీ పాటలే అనుకున్నాను. పగలంతా చేసిన పనే సాయంత్రం మళ్లీ పాడుకుంటున్నారు, వీళ్లకి విసుగు రాదా అనుకున్నాను.

ఆ పుస్తకంలో పెద్ద పాట ఒకటి ఉంది. ఇనుప కొండని కరిగించమంటుంది. పరుగెత్తే పాదరసాన్ని కట్టెయ్యమంటుంది. తొమ్మిది వాకిళ్లూ మూసి ఏడు పుటాలు పెట్టమంటుంది, అంటే ఏడుసార్లు నిప్పుల్లో కాల్చమంటుంది. అప్పుడు పసరు ఒక్క చుక్క పడితే చాలు, అంతా బంగారమట. ఆ పాటకి నాలుగు చరణాలు. పుస్తకంలో రాసి ఉన్నవి మూడే. నాలుగోదాని చోట చిన్న సున్నా చుట్టి ఉంటుంది. దాన్ని రాయకూడదు, పైకి పలకకూడదు. ఉన్నవాడు పోయేలోగా ఒక్కరి చెవిలో చెప్పి పోవాలి. మూడో చరణం అయ్యాక అందరూ తాళాలు కింద పెట్టేవారు. తంబుర ఒక్కటే మోగేది. ఆ చరణం తెలిసిన మనిషి ఒక్కడే దాన్ని మనసులో అనుకునేవాడు. అది అయ్యాక మళ్లీ తాళాలు తీసి మంగళం పాడేవారు. వినేవాళ్లకి నాలుగు తీగల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అయినా ఆ కాసేపు ఎవరూ దగ్గేవారు కాదు. చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారని మా అత్తగారు అనేది. అది మాత్రం నేను చూడలేదు.

మా ఆయన ఫౌండ్రీలో అచ్చులు పోసేవాడు. నిప్పు ఆయన మాట వింటుందని పేరు. కరిగిన ఇనుము రంగు చూసి, ఇప్పుడు పోయాలి, ఇప్పుడు కాదు అని చెప్పేవాడు. అంత పనివాడికి, ఇంట్లో పుస్తకం పెట్టుకుని తండ్రి ఆ విద్య తన దగ్గర దాస్తున్నాడని లోపల ఒక మంట. కోపిష్టి కూడా. అన్నం చల్లారితే కంచం వరండాలోకి విసిరేవాడు. నేను వెళ్లి ఏరుకొచ్చేదాన్ని.

ఒకసారి అత్తమామలు ఊళ్లో పెళ్లికి వెళ్లారు. ఆ ఆదివారం పొద్దున్నే మా ఆయన పెరట్లో కొలిమి కట్టాడు. గోల్ బజార్‌లో ఎవరో కంసాలిని పట్టుకుని పాదరసం తెచ్చాడు. ఏవో ఆకులు నూరాడు. పాటలో ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో అన్నీ చేసుకుంటూ పోయాడు. నా చేతికి విసనకర్ర ఇచ్చాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇసకతో అచ్చు కట్టినప్పుడు సన్నని కమ్మీతో దాంట్లో కంతలు పొడుస్తారు. వాటిని వెంట్లు అంటారు. అవి లేకపోతే లోపలి ఆవిరి దారి లేక అచ్చుని పగలగొట్టి మనిషి మీదికి వస్తుంది. ఫౌండ్రీలో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. మా ఆయన చేతికి అది ఎంత అలవాటంటే, నేను దిబ్బరొట్టె వేసినా పుల్ల తెచ్చి నాలుగు పోట్లు పొడిచి, "గాలి పోవాలే," అనేవాడు. అలాంటి మనిషి ఆ రోజు మూసకి మూత పెట్టి, గుడ్డా మట్టీ కలిపి చుట్టూ మెత్తి, వెంట్రుక దూరే సందు కూడా లేకుండా మూసేశాడు. నాకే అనుమానం వచ్చింది.

"గాలి దారేదీ మావా?"

"పాటలో నేదు," అన్నాడు.

పాట మీద అంత నమ్మకం. చేతికి తెలిసినదాన్ని కూడా పక్కన పెట్టేశాడు. మూస పేలింది. షంటింగ్‌లో రెండు బోగీలు గుద్దుకున్నట్టు చప్పుడు. పెంకు ఒకటి రేకుల కప్పు చీల్చుకుని పైకి పోయింది. ఆయన చెయ్యి కాలింది. నేను వంగి విసురుతున్నాను కదా, ఆ పొగంతా నేనే మింగాను. ఆసుపత్రిలో ఎన్నాళ్లున్నానో. చాలా నెలలు మాటే లేదు. తర్వాత వచ్చిన గొంతు ఇదిగో, ఇసక మీద రేకు లాగినట్టు. అంతకుముందు నేను పాడేదాన్ని. నాట్లలో నేను ఎత్తుకుంటే పది మంది అందుకునేవారు. జాలిపడమని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

పెళ్లి నుంచి తిరిగి వచ్చిన మామగారు కొడుకుని ఒక్క మాట తిట్టలేదు. నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు కొడుకుని వెనక వరండాలో కూర్చోబెట్టారు. ఇత్తడి పళ్లెంలో, మిగిలిన పాదరసం చుక్క ఒకటి వేశారు. లోపలి గదిలో మంచం మీద నేను. మధ్యలో చెక్క తలుపు. మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా మాట్లాడలేను.

"పట్టుకో," అన్నారు మామగారు.

అది జారి పారిపోయి ఉంటుంది. పళ్లెం చప్పుడు వినబడుతోంది.

"రెండు వేళ్లతో పట్టరా."

"ముక్కలైపోతన్నాది నాన్నా."

"అదేటి?"

"పాదరసం."

"కాదు. నీ బుర్ర. ఇనుమేటి?"

"ఇనుమే."

"ఈ ఒళ్లురా. ఎప్పుడూ తుప్పు పట్టీదే. తొమ్మిది వాకిళ్లేటి? కళ్లు రెండు, సెవులు రెండు, ముక్కు కంతలు రెండు, నోరు, కిందవి రెండు. నెక్కెట్టుకో. వాటిని మూయమన్నాడు గానీ, మూసని మూసీసి నీ పెళ్లాం పీక తియ్యమన్నాడేటి?"

మా ఆయన ఏడుస్తున్నాడు. నాకు తెలుస్తోంది.

"మరి తిన్నగా రాసీవోలు కదా! ఈ సాటుమాటు ఎందుకు?"

"తిన్నగా రాస్తే 'కోపం తగ్గించుకో' అని ఒక్క ముక్క. దాన్ని ఎవుడు పాడతాడ్రా? పాడినా నువ్వింటావేటి? కొలిమి అంటే ఇంటావు, తిత్తి అంటే ఇంటావు. నీకు తెలిసిన పని అది. అందుకే పెద్దలు నీ పని లోంచే సెప్పినారు."

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు ఈ పాటల గురించి ఏం చెబుతారో నాకు తెలియదు. ఆ మాటకి మించిన మాట మాత్రం నేను వినలేదు. ఆ పాట కట్టిన మనిషి ఎవరో, మాలాంటి వాళ్ల చేతుల్ని ఎంత దగ్గరగా చూశాడో అనిపించింది. మనసు అనే మాట ఒక్కసారి కూడా వాడకుండా మనసు గురించి అంత పాట కట్టాడు.

"ఇంకా పసరొకటుంది," అన్నారు మామగారు. "అది గురువు మాట. అది నీకు పడనేదు. అందుకే పేలిపోనాది. సెవి ఇటివ్వు."

అప్పుడు ఇచ్చారు నాలుగో చరణం. గుసగుసగా ఇచ్చాననే అనుకున్నారు. కానీ ఆయన ముప్పయ్యేళ్లు బాయిలర్ షాపులో రివెట్లు కొట్టిన మనిషి. సుత్తి మోతలో సగం చెవులు పోయాయి. ఆ షాపువాళ్లకి గుసగుసలాడడం రాదు. రహస్యం చెప్పినా రివెట్ కొట్టినట్టే ఉంటుంది. ఒక్కో మాటా తలుపు దాటి వచ్చి నా మీద పడింది. కొడుక్కి పట్టుబడాలని రెండోసారి కూడా చెప్పారు. నాకు మొదటిసారికే వచ్చేసింది. 'నేను వింటున్నాను, ఆపండి' అందామంటే గొంతు లేదు.

అలా, ఒక్కరికే ఉండాల్సింది ఇద్దరికైంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఆయన దాన్ని ఎంత భద్రంగా పెట్టుకున్నాడంటే, నాకూ తెలుసు అంటే ఆ మనిషి చేతిలోంచి లాక్కున్నట్టు ఉంటుందనిపించింది.

ఆ తర్వాత ఆయన మారాడు. ఒక్క రోజులో కాదు. పాటలో ఏడు పుటాలు అంటారు, నా లెక్కకి ఇంకా ఎక్కువే పట్టాయి. కంచం విసరడం తగ్గింది, తర్వాత ఆగింది. ఒకసారి నేను పులుసులో మరిచిపోయి రెండుసార్లు ఉప్పు వేశాను. ఆయన మారు మాట లేకుండా తిని, రెండు చెంబుల నీళ్లు తాగి, "కళింగపట్నం సముద్రం ఈ పూట మనింటికే వచ్చినాదే," అన్నాడు. పాతమనిషైతే ఆ గిన్నె వీధిలో ఉండేది. నా గొంతు ఇలా అయ్యింది కదా, ఇప్పుడు రాస్తున్న ఈ పిల్ల చంటిదిగా మా ఇంటికి వచ్చినప్పుడు ఉయ్యాల పాట కూడా ఆయనే పాడేవాడు, తాళం తప్పు పాడేవాడు. నేను పక్కనుంచి మంచం కోడు మీద తట్టి తాళం చెప్పేదాన్ని.

ఎవరి దగ్గర నిప్పు మాట వినబడినా ఆగిపోయేవాడు. మా పక్క క్వార్టరులో కాకినాడ వైపు క్రైస్తవుల ఆవిడ ఉండేది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ గోడ మీంచి చెప్పింది. "అన్నయ్యగారూ, మా పాస్టరుగారు ఇవాళ మీ పనే చెప్పారండీ. దేవుడు వెండి శుద్ధి చేసేవాడిలాగ కొలిమి ముందు కూర్చుంటాడంట."

"ఎంతసేపు కూకుంటాడంట?" అన్నాడు మా ఆయన.

"వెండిలో ఆయన మొహం ఆయనకి కనబడేదాకా."

మా ఆయన చేతిలో సైకిలు పంపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నిజమేనమ్మా. మడ్డి తీసీసినాక అద్దంలాగే ఉంటాది. మీ పాస్టరుగారు ఫౌండ్రీలో పన్జేసినారేటి?" అన్నాడు. మర్నాడు షాపులో అందరికీ ఇదే కథ.

మరోసారి హౌరా లోకల్‌లో ఏక్‌తారా పట్టుకున్న బావుల్ ఒకతను, మన బైరాగుల్లాంటివాడు, పాడుతున్నాడు. అతని పాటలోనూ తొమ్మిది తలుపుల ఇల్లు వచ్చింది. మా ఆయన బెంగాలీలో అడిగాడు, మీ ఇంటికీ తొమ్మిదే తలుపులా దాదా అని. "ఘర్ తో ఏక్‌టాయ్, దాదా," అన్నాడతను. ఇల్లు ఒక్కటే కదా అని. ఇద్దరూ పాత స్నేహితుల్లా నవ్వుకున్నారు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ఇలాంటి మనిషి ఆ చరణాన్ని ఎవరికీ ఇవ్వకుండా పోయాడు. మంచివాళ్ల కోసం చూసి చూసి ఆలస్యం చేశాడు.

ఆయన పోయాక మొదటి పౌర్ణమికి, తాళాలు పట్టేవాళ్లలో మిగిలిన ముగ్గురూ మలంచా రోడ్డు వెనక, రిటైరయ్యాక మేం చేరిన ఇంటికి వచ్చారు. ముగ్గురూ రిటైరైనవాళ్లే. పెద్దాయన ఫిట్టరు, మా ఆయనకి ఈడైన స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. మూడు చరణాలు పాడారు. తాళాలు కింద పెట్టారు. ఎవరూ కదలరు.

"తంబుర మీటీసి మంగళం పాడీద్దాం. లోపల ఎవులూ నేరని ఎవులికి తెలుస్తాది?" అన్నాడు ఒకాయన.

"నాకు తెలుస్తాది. కాళీ బండికి జెండా ఊపినట్టుంటాది," అన్నాడు ఫిట్టరు.

మంగళం లేకుండానే లేచి వెళ్లారు. తర్వాతి నెలా అంతే. ఆ తర్వాత కూడా. మంగళం పాడని పాట అంటే వడ్డించి పిలవని విస్తరి. ముగ్గురూ చెప్పులు వేసుకునేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. పోయిన నెల ఫిట్టరు నాతో అన్నాడు: "సెల్లెమ్మా, వచ్చే పున్నానికి ఆకరు. తంబుర ఏదైనా గుడికి ఇచ్చీద్దాం. తీగ తెగిపోనాది, మనమేటి సేస్తాం?"

ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు. నోరు మూసుకుంటే అంతమంది పెద్దల మాట నాతో కాలిపోతుంది. నోరు తెరిస్తే, తలుపు చాటున విన్న ఆడదాన్నని తెలుస్తుంది. ఆ మాట చెడిపోయిందని వాళ్లు అంటే? ఆసుపత్రిలో మా ఆయన చూసిన చూపు కూడా అదేనేమో అని ఒక బెంగ.

పౌర్ణమి వచ్చింది. మూడు చరణాలూ అయ్యాయి. ఫిట్టరు తంబుర మీద కప్పడానికి గుడ్డ తీశాడు. నేను వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చేశాను.

"అన్నయ్యా, కప్పకు. అది నాకొచ్చు."

"ఏటి వచ్చు?"

"ఆకరి సరణం."

"ఎవులిచ్చినారు? మావోడా?"

"కాదు. మావయ్య."

"ఆడమనిషికి ఆయనిచ్చినాడా?"

"ఇచ్చినాననుకోనేదు. బాయిలర్ షాపు మనిషి కదా, సెవిలో సెప్పినాడు. వీధంతా ఇననందుకు సంతోషించాలి."

మిగతా ఇద్దరూ ఫక్కున నవ్వారు. ఫిట్టరు నవ్వలేదు.

"ఎప్పుడు?"

"నా గొంతు పోనప్పుడు."

"నలబయ్యేళ్లు," అన్నాడు. "ఎవులితోనైనా అన్నావా?"

"నేదు."

"ఒక్కదానివీ ఉన్నప్పుడు? నీళ్లోసుకున్నప్పుడైనా పైకి అన్నావా?"

"నేదు."

"మరి దాన్నేటి సేసినావు ఇన్నాళ్లూ?"

"ఏటి సేస్తాను? ఆయన తంబుర మీటుకుని లోపల అనుకున్నప్పుడు నానూ వంటింట్లో అనుకునీదాన్ని. ఒక్కోపాలి ఆయనకన్నా నాదే ముందైపోయీది. అప్పుడు ఆయన కోసం ఆగీదాన్ని."

పక్కాయన గొణిగాడు: "సాటుగా ఇన్న మాట పన్జేస్తాదేటి?"

ఫిట్టరు అతని వైపు తిరిగాడు. "పరుసవేదికి ఇనుము తగిలితే బంగారమైపోద్దంటారు కదా. నువ్వెలాగ తగిలినావు, ఎవుల్ని అడిగి తగిలినావు అని ఆ రాయి ఇనుముని అడుగుతాదేటి?"

అని తంబుర ఎత్తి నా ఒళ్లో పెట్టాడు. అంతమంది పెద్దవాళ్ల వేళ్లు అరగదీసిన కర్ర. మొదటి తీగ తప్పు మోగింది. నాలుగు తీగలూ ఒక దారికి వచ్చాక నేను ఆ చరణం మొదలుపెట్టాను, లోపల. దానికి గొంతుతో పని లేదు కదా. తొందరపడలేదు. మా ఆయన ఎంతసేపు తీసుకునేవాడో అంతసేపూ తీసుకున్నాను. అయ్యాక తల ఊపాను. తాళాలు లేచాయి. మంగళం నేనూ అన్నాను, ఈ గొంతుతోనే. ఫిట్టరు కళ్లు తుడుచుకుంటూ తాళం తప్పాడు, మిగతా ఇద్దరూ ఆయన్ని తిట్టారు.

తంబుర ఇప్పుడు నా దగ్గరే ఉంది. నా తర్వాత ఎవరికి అన్నది నేను మా ఆయనలాగ ఆలస్యం చెయ్యను. మనిషిని చూసుకుంటున్నాను. ఈ పిల్ల నవ్వుతూ రాస్తోంది. నవ్వితే నవ్వు, అదేమీ మాట ఇచ్చినట్టు కాదు.

నాకు ఇప్పుడున్న భయం ఒకటే. ఇంతసేపు వాగాను. ఆ చరణంలోని ముక్క ఒకటైనా నోరు జారి ఈ కాగితాల్లో పడిందేమో. పడితే నాకు చదువు రాదు, కనుక్కోలేను. కలం పక్కన పెట్టమ్మా. మొదటి నుంచి మెల్లగా చదువు. నేను చెయ్యి ఎత్తిన చోట ఆ మాట కొట్టెయ్, ఎందుకని అడక్కు. ఊఁ, చదువు, వింటున్నాను.